మోగని గంటల ఊరు

దారి చీలిన చోట సారంగుడు గుర్రాన్ని ఆపలేదు. జనమంతా కుడివైపు పోతున్నారు. స్వర్ణఘట్టం తిరునాళ్ళకు పోయే బళ్ళు, బళ్ళ వెనక సాధువులు, సాధువుల వెనక మూటలు కత్తిరించే దొంగలు. ఎడమ దారిలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. దాని మీద బండిచక్రం పడి ఎన్నేళ్ళయిందో. అతడు గుర్రాన్ని ఎడమకు తిప్పాడు.

"అటేముంది నాయనా? ఆ పక్కన చూసేందుకేం లేదు!" అని బండి మీద నుంచి ఒక ముసలాయన కేకేశాడు.

సారంగుడు గుర్రాన్ని అదిలించాడు. అతడు చూసేందుకు వచ్చినవాడు కాదు.

అతడు శోణగిరి రాజుగారి వేగరి. పన్నెండేళ్ళుగా ఆరు రాజ్యాలకు రాజుగారి లేఖలు మోశాడు. ఈ పున్నమినాడు అలా ఒక లేఖ మోస్తుండగానే మాంత్రికుడు విషకేతుడు సారంగుడి ఇంట్లో దూరి, అతడి భార్య కువలయ ఊపిరిని దొంగిలించాడు. వాడికి కావలసింది ఒక ఆడమనిషి ఊపిరి. రాణివాసానికి కాపలా ఉంది. వేగరి ఇంటికి లేదు. ఇప్పుడామె కళ్ళు తెరుచుకుని, కదలక మెదలక మంచం మీద పడి ఉంది. అమావాస్య దాకా ఒళ్ళు చల్లబడదని రాజవైద్యుడు చెప్పాడు. ఆ తరువాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, సారంగుడు అడగలేదు. అమావాస్యకు ఇంకా రెండు రోజులుంది. ఆ రోజే ఆ ఊపిరిని హోమంలో వేల్చి విషకేతుడు చావులేని వరం సంపాదిస్తాడు.

నిన్న కొండగుహలో చిక్కిన ఆ మాంత్రికుడి శిష్యుడు చస్తూ చస్తూ సారంగుడికి నాలుగు మాటలు చెప్పాడు. "ఎవరూ పోని ఊరు, కంచువాడ. అక్కడ పోతపోసిన గంటలో ఉంది. పైఊరివాడి తొలిదెబ్బ పడితే ఊపిరి బయటికొచ్చి దాని ఒంటికి అది పోతుంది. ఊరివాడి దెబ్బ పడితే గంట పగులుతుంది, ఊపిరి ఆరిపోతుంది." అంతే. చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది చెప్పకుండానే చచ్చాడు.

కొండ మలుపు తిరగగానే కంచువాడ కనిపించింది. చుట్టూ రాగిరంగు కొండలు, వాటి నడుమ పళ్ళెంలో పెట్టినట్టు అరవై ఇళ్ళు. ఎర్రమట్టి గోడల మీద సున్నంతో దిద్దిన నెమళ్ళు, ఏనుగులు, లతలు. ప్రతి ఇంటికీ కొలిమి, ప్రతి కొలిమికీ పొగగూడు, ఏ పొగగూడులోనూ పొగ లేదు. సీతాఫలపు చెట్ల నిండా పండ్లు కళ్ళు విచ్చి ఉన్నాయి. కొమ్మల మీద చిలుకలున్నాయి గాని అరవడం లేదు. కొండవాగు నీరు నాపరాళ్ళ మీద పట్టుచీర ఆరేసినట్టు జారిపోతున్నది. దానికీ చప్పుడు లేదు. చూసేవాడికి కళ్ళు చల్లబడే చోటు. సారంగుడికి మాత్రం అరికాళ్ళు మండుతున్నాయి.

ఊరి వాకిట్లో, రాతి కమాను నీడన ఒక ముసలమ్మ ముంత పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎండన పడొచ్చినావు బిడ్డా. గుక్కెడు మజ్జిగ తాగి పో."

"తొందరలో ఉన్నానవ్వా."

"తొందరున్నోడికే దాహమెక్కువ. పట్టు దోసిలి."

పట్టాడు. చల్లగా, ఉప్పగా ఉంది. మూడు గుక్కల్లో తాగాడు. ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వులో ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి. అంత ముసలిదానికి అన్ని పళ్ళెక్కడివన్న ఆలోచన సారంగుడికి రాలేదు.

అతడు కమాను దాటాడో లేదో, బురుజు మీద కొమ్ము భోరుమంది. "వచ్చాడహో! పైమనిషి వచ్చాడహో!" అని కావలివాడు గొంతు చించుకున్నాడు. అరవై ఇళ్ళ తలుపులు ఒక్కసారి తెరుచుకున్నాయి. చేతులకు బూడిదతో మగవాళ్ళు, సగం అల్లిన జడలతో ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నలుగురు గుర్రం కళ్ళెం పట్టుకున్నారు. ఇద్దరు అతడి కాళ్ళు పట్టుకుని కిందికి లాగారు. వెనక వాకిటి తలుపులకు అడ్డగడియలు పడ్డాయి.

"గట్టిగా వెయ్యండ్రా! పోయినసారి వచ్చినోడు గంట కొట్టకుండానే గోడ దూకి పొయ్యాడు!"

సారంగుడు కత్తి దూశాడు. జనం చప్పట్లు కొట్టారు.

"కత్తి కూడా ఉంది! మణికట్టు బలంగానే ఉంటది!" అన్నది ఒకావిడ.

ఊరిపెద్ద అప్పోజు ముందుకొచ్చాడు. కనుబొమ్మలు కొలిమిలో కాలిపోయిన మనిషి. "కత్తి లోపల పెట్టయ్యా. నువ్వు రాజువైనా సరే, గజదొంగవైనా సరే, మాకనవసరం. మా ఊరోడివి కాదు, అది చాలు" అన్నాడు.

నడుస్తూనే సంగతి చెప్పాడు. కంచువాడవాళ్ళు గంటలు పోస్తారు. పోసిన గంటకు తొలిదెబ్బ పైఊరివాడు కొట్టాలి. ఊరివాడు కొడితే పగులుతుంది. మోగని గంటను ఊరు దాటించకూడదు. పైవాణ్ణి పిలిచి తేకూడదు, తనంతట తాను రావాలి. ఒకప్పుడు యాత్రికులు ఈ దారినే పోయేవారు, కొట్టే చేతులకు కొదవ లేదు. స్వర్ణఘట్టానికి కొత్తదారి పడ్డాక, వచ్చిన ఒకరిద్దరూ గంట కొట్టకుండానే పోయారు. పదకొండేళ్ళు. పదిహేడు గంటలు. ఊళ్ళో కొలిములు ఆర్పేశారు.

"ఇన్ని కబుర్లెందుకు? గంట చూపించు" అన్నాడు సారంగుడు.

గంటల కొట్టం తలుపు తెరిచారు. దూలాలకు పదిహేడు గంటలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ మనిషెత్తు. ఒక్కొక్కదానికీ నూలుగుడ్డ చుట్టి ఉంది. పదహారు గుడ్డలు కదలడం లేదు. చివరిదాని గుడ్డ మాత్రం మెల్లగా పొంగుతున్నది, మెల్లగా అణుగుతున్నది. తలుపు మూసినా అంతే. గాలి కాదు.

"అదా? పది రోజుల కిందట కంబళి కప్పుకున్నోడొకడు కంచుముద్ద తెచ్చి, ఆరిన కొలిమి రాజేయించి పోయించుకున్నాడు. తొలిదెబ్బ కొట్టమంటే కొట్టలా. అట్టే ఉంచండి, మళ్ళొస్తానని పొయ్యాడు" అన్నాడు అప్పోజు.

సారంగుడు దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పొంగడం, అణగడం. ఆ లయ అతడికి తెలుసు. ఊళ్ళు తిరిగి వచ్చిన రాత్రులు పక్కన పడుకుని విన్నదే. అతడు చేయి చాచి కొయ్యసుత్తి అందుకున్నాడు.

"ఆగాగు. అడగాల్సిన మాటొకటుంది. మా ఊళ్ళో ఏమన్నా తిన్నావా?" అన్నాడు అప్పోజు.

"లేదు."

"తాగినావా?"

"మజ్జిగ."

"ఉప్పుందా?"

"ఉంది. అయితే?"

అప్పోజు సుత్తి లాక్కున్నాడు. వెనక జనంలో ఒక ఏడుపు లేచింది. "మా ఉప్పు తిన్నోడు మా ఊరోడేనయ్యా! ఏడాది తిరిగిందాకా నువ్వు కంచువాడ మనిషివే. ఇప్పుడు కొట్టావో, గంట రెండు ముక్కలు. ఎవరిచ్చారు నీకా మజ్జిగ?"

"వాకిట్లో ముసలమ్మ."

"గంట కొట్టిందాకా పైవాడికి నీళ్ళు కూడా పొయ్యరు మా ఆడోళ్ళు. మా వాకిట్లో ఏ ముసలమ్మా కూచోదు."

అందరూ వాకిటి దగ్గరికి పరుగెత్తారు. ముంత ఉంది. ముసలమ్మ లేదు. ముంతలో మజ్జిగ లేదు, అడుగున ఎర్రచీమలు ఉండచుట్టుకుని ఉన్నాయి.

సారంగుడు తనను తాను తిట్టుకోవడానికి ఒక్క క్షణం కూడా పెట్టుకోలేదు. విషకేతుడు ముందే వచ్చాడు. తాను సుత్తి పట్టకుండా తనను ఊరివాణ్ణి చేశాడు. అయితే వాకిలి మూసి ఉంది, గంటను విడిచి వాడు కదలడు. అంటే అరవై ఇళ్ళలో ఏదో ఒక ఇంట్లో, ఎవరిదో ఒకరి మొహం పెట్టుకుని ఉన్నాడు. ఈ ఊళ్ళో పైవాడు ఇంకొకడున్నాడు.

"అప్పోజూ, విందుకు ఏం వండారు?"

"నువ్వొచ్చావని తెలిసి ఎసట్లో పెట్టారు. ఇప్పుడు తినేదెవరు? ఏడ్చుకుంటా మేమే తినాలి."

"అందరూ తినండి. ఒక్కరు తప్పకుండా. ఉప్పు నేను వడ్డిస్తా."

మాంత్రికులు ఉప్పు నోట పెట్టరు. పెడితే నేర్చిన విద్యలన్నీ ఊడిపోతాయి. ఆ సంగతి సారంగుడికి తెలుసు.

వీధి పొడవునా మోదుగాకుల విస్తళ్ళు పరిచారు. ఊరంతా రెండు వరసల్లో కూర్చుంది. సారంగుడు ఉప్పుగిన్నె పట్టుకుని ప్రతి విస్తరిలో చిటికెడు వేసుకుంటూ, వంగి ప్రతి మొహం చూసుకుంటూ పోయాడు. పప్పు వచ్చింది, పచ్చడి వచ్చింది. వాళ్ళు ఉప్పు కలుపుకున్నారు. కలుపుకోని వాళ్ళు ముగ్గురు తేలారు. ఒకడు నోరు పూసిన ముసలాడు. నోరు తెరిపించి చూశాడు, నిజంగానే పుండు. రెండోది ఉపవాసమున్న పిల్ల. తల్లి వచ్చి, "పెళ్ళికాని పిల్ల గడ్డం పట్టుకుంటావేందయ్యా!" అని గరిటెతో ఒకటి అంటించింది. మూడోవాడు బురుజు దిగివచ్చిన కావలివాడు బొల్లోజు. వాడు తల వంచుకుని ఉప్పును వేలితో విస్తరి అంచుకు నెట్టాడు.

వాడి భార్య సూరమ్మ చారు పోస్తూ ఆగింది.

"ఏందది? ఉప్పు అవతలికి నెడతన్నావు?"

"ఒంట్లో బాగలేదు."

"ఒంట్లో బాగలేని రోజున గంజిలో రెండు పిడికిళ్ళు ఏసుకుంటావు గదా! కాపరానికొచ్చిన కాడ్నించీ నీ నోట ఒకటే మాట. ఉప్పేసినావా, ఉప్పేసినావా. నా ఒంటిమీద చీర చిరిగితే కనపడదు, కూరలో ఉప్పు తగ్గితే ఊరంతా వినపడుద్ది." ఆమె చారుగిన్నె కింద పెట్టి మొగుడి మొహంలోకి వంగి చూసింది. అంతసేపు చూడటం పెళ్ళయ్యాక అదే మొదలై ఉంటుంది. "నువ్వు మా ఆయనవి కాదు" అంది.

బొల్లోజు మొహం మైనంలా కరిగింది. దాని కిందనుంచి విషకేతుడి మొహం లేచింది. ముక్కు గద్దముక్కు, కళ్ళు పసుపు. విస్తళ్ళు ఎగిరాయి, చారు నిప్పుల్లా చిందింది. సారంగుడు ఉప్పుగిన్నె పక్కన పడేసి వాడి నడుము వాటేసుకున్నాడు.

ఊరు అరిచింది. "మాంత్రికుడు! ఉప్పు కుక్కండి వాడి నోట్లో! విద్యలు పోతాయి!" ఇరవై మంది ఇరవై పిడికిళ్ళతో మీదికొచ్చారు.

"వద్దు! ఉప్పొద్దు!" సారంగుడు తన తలపాగా పీకి మాంత్రికుడి నోటికి చుట్టి బిగించాడు. "వీడు కూడా మీ ఊరోడైపోతే గంటెవడు కొడతాడు?"

పిడికిళ్ళు గాల్లో ఆగాయి. మాంత్రికుడి నోట ఉప్పు పడకుండా కాపాడవలసిన గతి ప్రపంచంలో ఏ వీరుడికీ పట్టి ఉండదు.

విషకేతుడు ఎలుగుబంటి అయ్యాడు. సారంగుడి భుజం చీరుకుపోయింది. వదల్లేదు. కొండచిలువ అయ్యాడు. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. వదల్లేదు. అప్పుడు వాడు ఎర్రగా కాలిన ఇనపగుండు అయ్యాడు, తాటిపండంత. సారంగుడి అరచేతుల్లో తోలు కమురు వాసన వేసింది. చేతులు వాటంతటవే విడిపోయాయి. గుండు వీధి వాలున దొర్లింది.

కంచువాడవాళ్ళకు రానిదేమైనా ఉంటే ఉండవచ్చు, కాలినదాన్ని పట్టడం మాత్రం వాళ్ళకు చెప్పనక్కరలేదు. అప్పోజు కరిగిన కంచు మూసను ఎత్తే నిలువెత్తు పట్టకారు తెచ్చి గుండును నడిమికి పట్టాడు. ఆరుగురు పిడి మీద చేతులు వేశారు. "పట్టు చిక్కింది! ఇప్పుడేం చేద్దామయ్యా? చెయ్యి లేనోడు సుత్తెట్టా పడతాడు?"

"చేతి దెబ్బ కావాలన్నదెవరు? పైవాడి దెబ్బ కావాలి. వీడు పైవాడు. అట్లాగే ఎత్తండి" అన్నాడు సారంగుడు.

గుండు ఆ మాట విన్నది. ఎరుపు తగ్గి నలుపెక్కింది. మళ్ళీ రూపు మార్చడానికి వణకసాగింది. గుండు పక్కలనుంచి రెండు ఈకలు మొలిచాయి. ఏడుగురూ పరుగున కొట్టంలోకి దూరారు. చివరి గంట గుడ్డను సారంగుడు పంటితో లాగి పడేశాడు.

"వెనక్కి! ముందుకి!"

ఇనపగుండు గంటను తాకింది.

ఆ శబ్దం ముందు కాళ్ళకు తెలిసింది, తరువాత ఛాతీకి, ఆఖరున చెవులకు. కొట్టం పెంకులు లేచి పడ్డాయి. కొండమీద చిలుకలన్నీ ఒకేసారి అరిచాయి. పదకొండేళ్ళుగా మోగని ఊరు అది. పట్టకారు పట్టిన ఆరుగురూ చేసిన పని ఒక్కటే. పట్టు వదిలి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని ఏడ్చారు. అప్పోజు కూడా అంతే. తమ చేతి గంట గొంతు విని నిలబడగల కంచువాడ మనిషి ఇంకా పుట్టలేదు.

గుండు నేలను తాకేలోగా రాబందయ్యింది.

గంటలోంచి ఒక గాలితెర బయటపడింది. సారంగుడి చెంపను రాసుకుంటూ పోయింది. అంతలో తలుపు దాటి, గోడ దాటి, తూర్పుగా శోణగిరి వైపు సాగింది. రెక్కలు విదిల్చుకుని రాబందు దాని వెనక పడింది.

"వాకిలి తెరవండి!"

"పదహారున్నాయయ్యా ఇంకా!" అని అప్పోజు ఏడుస్తూనే అరిచాడు. "ఆ రాబందును పట్టుకురా! రూపేదైనా పర్వాలేదు!"

బురుజు మీద అసలు బొల్లోజు నోట్లో గుడ్డతో కాళ్ళు కొట్టుకుంటున్నాడు. సూరమ్మ మెట్లెక్కుతూ, "ఉండు, విప్పుతా. ముందు కూరలో ఉప్పు సంగతి తేల్చుకుందాం" అంటున్నది. సారంగుడు వాళ్ళను దాటి, గుర్రమెక్కి, సగం తెరిచిన వాకిట్లోంచి దూసుకుపోయాడు.

ఊపిరి కంటికి కనపడదు. దాని దారి కనపడుతుంది. జొన్నచేలో పాపిడి తీసినట్టు ఒక గీత ముందుకు పోతున్నది. చేను దాటాక వాగునీటి మీద ముడత. వాగు దాటాక ధూళి. సారంగుడు కాలిన చేతులకు కళ్ళెం చుట్టుకుని ఆ గీత వెంట తోలాడు. పైన రాబందు నీడ గీతను అందుకుంటున్నది. ఒకసారి ముక్కు దించింది. గీత పక్కకు తప్పుకుంది. రెండోసారి దించింది. గీత బెదిరిన దూడలా మెలికలు తిరిగి తిరునాళ్ళ దారి మీద పడింది.

ఆ దారిన ఒక పాడె వస్తున్నది. ముందు డప్పులు, వెనక కొడుకులు. పాడె మీద పెద్దమీసాల ముసలాయన, ఎవరో మోతుబరి, ముక్కుల్లో దూది.

రాబందు మూడోసారి దిగింది. ధూళిగీతకు పోయేందుకు చోటు లేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న ఒళ్ళు ఒక్కటే. అందులో దూరింది.

శవం లేచి కూర్చుంది.

డప్పులు ఆగాయి. మోసేవాళ్ళు పాడె కింద పడేసి నాలుగు దిక్కులా పోయారు. రాబందు ముక్కు తాటాకు చాపకు గుచ్చుకుని, ఈకలు రాల్చుకుంటూ పైకి లేచింది. మీసాల ముసలాయన దుమ్ములో కూర్చుని, అటూ ఇటూ చూసి, సారంగుడి మీద చూపు నిలిపాడు.

"గుర్రానికి నీళ్ళు పెట్టావా?" అన్నాడు.

గొంతు బొంగురు. మాట కువలయది. పన్నెండేళ్ళలో అతడు ఎంత దూరంనుంచి ఇంటికొచ్చినా ఆమె ముందు అడిగేది అదే. అతడి సంగతి ఆ తరువాత.

సారంగుడు కళ్ళెం లాగి పట్టాడు. "లేదు" అన్నాడు.

"నురగలు కక్కుతుంటే కనపట్టంలా? నోరులేని దాన్ని చంపుతావా?" ముసలాయన ముక్కుల్లోంచి దూది పీకి పారేశాడు. అప్పుడు తన చేతులు చూసుకున్నాడు. మీసం తడుముకున్నాడు. "ఇదేంది? ఇవెవరివయ్యా?"

"దార్లో చెప్తా. చెయ్యివ్వు."

పెద్దకొడుకు తేరుకుని వచ్చి తండ్రి కాళ్ళ మీద పడ్డాడు. చిన్నవాడు ఇంకా ముందే తేరుకున్నాడు. "నాయనా, ఏటిగట్టు పొలం ఎవరికిచ్చావో అందరి ముందరా చెప్పి పో!" అని భుజం పట్టుకున్నాడు. రాబందు రెక్కలు ముడిచి మళ్ళీ దిగుతున్నది. సారంగుడు వంగి, చిన్నకొడుకును కాలితో తన్ని, ముసలాయనను చంకల కింద పట్టి గుర్రం మీదికి లాక్కున్నాడు.

"మా నాయన్ని ఎత్తుకుపోతన్నాడు! పట్టుకోండి!"

తిరునాళ్ళ బళ్ళన్నీ వెనక్కి తిరిగాయి. కర్రలు లేచాయి. శోణగిరి ఇంకా ఒకటిన్నర రోజుల దూరం.

"గట్టిగా పట్టుకో" అన్నాడు సారంగుడు.

ముడతలు పడ్డ రెండు చేతులు అతడి నడుము చుట్టూ బిగిశాయి. పన్నెండేళ్ళ కాపరంలో ఆమెను గుర్రం ఎక్కించుకోవడం అతడికి ఇదే మొదటిసారి.